ఇంకొక్కరితో మాట్లాడించు

"ఇద్దరితో మాట్లాడించాను కదక్కా! ఇంకా ఎంతమందితో మాట్లాడాలి మీరు?" ఏజెంటు విసుగ్గా ఫోను బల్ల మీద పడేశాడు.

"ఇంకొక్కరితో," అంది తల్లి.

పక్క కుర్చీలో చిన్నకూతురు ఒళ్ళో సంచి పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. విదేశాల్లో ఇంటిపనికి మనుషుల్ని పంపే ఆఫీసు అది. గోడ నిండా విమానాల బొమ్మలు, అద్దాల మేడలు, ఆ మేడల ముందు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఆడపిల్లలు. అంత గొప్ప మేడలకి పంపేవాడి ఆఫీసులో ఫ్యాను మాత్రం కీచుకీచుమంటూ తిరుగుతోంది.

వచ్చిన దగ్గర్నుంచీ ఆమె అతనికి ఊపిరి సలపనివ్వలేదు. లైసెన్సు చూపించమంది. చూపించాడు. అక్కడ విమానం దిగగానే ఎవరొస్తారంది. మా మనిషే వస్తాడన్నాడు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందంది. "పిల్ల దగ్గరే" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. జబ్బు చేస్తే? మంచి ఆస్పత్రి. యజమాని చెయ్యి చేసుకుంటే? వెంటనే ఇల్లు మార్పిస్తాం. పిల్ల తిరిగొచ్చేస్తానంటే? మర్నాడే విమానం. అన్ని జవాబులూ అతని నాలుక చివరే ఉన్నాయి. ఎంత అడిగినా తడుముకోని మనిషిని చూస్తే మనలో చాలామందికి నమ్మకం కుదురుతుంది. ఆమెకి మాత్రం భయం పట్టుకుంది.

"సంబంధం చూసేవాళ్ళు కూడా ఇన్ని ఆరాలు తియ్యరక్కా," అన్నాడు, నవ్వులోకి దింపుదామని.

"పెద్దదాన్ని పంపినప్పుడు ఒక్క ఆరా తియ్యలేదు తమ్ముడూ. అప్పటి ఏజెంటు తియ్యగా మాట్లాడాడని పిల్లని తీసుకెళ్ళి వాడి చేతుల్లో పెట్టాం. వెళ్ళిన కొత్తల్లో కాస్త మాట్లాడింది. తరవాత ఫోను లేదు. పరుగెత్తుకుని వెళ్తే ఇక్కడ వాడు ఆఫీసు ఎత్తేశాడు. స్టేషన్‌కెళ్తే, వాడి అసలు పేరేంటి, పిల్ల ఏ ఇంట్లో ఉంది అని మమ్మల్నే అడిగారు."

ఏజెంటు ఛ్ఛ్ఛ్ అని జాలిపడ్డాడు. "అలాంటి వెధవల వల్లే మాకందరికీ చెడ్డపేరు. ఒకచోట దుకాణం కట్టేసి, బోర్డు మార్చి ఇంకోచోట తెరుస్తారు. ఈ చిన్నమ్మాయి సంగతి నాకొదిలెయ్యండి. నా సొంత చెల్లెలనుకోండి. ఏమ్మా, నీకిష్టమేగా?"

చిన్నకూతురు తలూపింది.

"దీనిక్కూడా అలా జరిగితే నేను బతకను తమ్ముడూ. అందుకే అడుగుతున్నా. ఇంకొక్కరితో మాట్లాడించు."

చేతికొచ్చిన పిల్ల జారిపోతుందేమోనని అతను మళ్ళీ ఫోను తీశాడు. ఈ వ్యాపారంలో ఇదొక పద్ధతి. వెళ్ళినవాళ్ళ చేత నాలుగు మాటలు చెప్పిస్తే వెళ్ళబోయేవాళ్ళకి ధైర్యం. అవతల ఎవరితోనో పొడిగా, "ఇంకోదాన్ని పిలువు" అన్నాడు. స్పీకరు పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

తల్లి కళ్ళు మూసుకుంది. చిన్నకూతురు తల్లి ముఖంకేసే చూస్తోంది.

"నమస్తే పిన్నీ. ఇక్కడ చాలా బాగుంది. సొంత బిడ్డలా చూసుకుంటారు. మంచి గది, మంచి భోజనం. ధైర్యంగా పంపించండి పిన్నీ."

మొదటి ఇద్దరూ ఇవే మాటలు ఇదే వరసలో అప్పజెప్పారు.

తల్లి కళ్ళు తెరిచింది. "పొద్దున ఏం తిన్నావమ్మా?"

"అన్నీ... అన్నీ పెడతారు పిన్నీ."

"ఇవాళ ఏం పెట్టారో చెప్పు తల్లీ."

పక్కనుంచి ఎవరో గద్దించారు. పిల్ల గబగబా నవ్వింది.

"మీ గొంతు అచ్చం మా అమ్మ గొంతులా ఉంది," అంది పిల్ల ఉన్నట్టుండి. "మళ్ళీ ఫోను చేస్తారా పిన్నీ? మా అమ్మ ఉండే ఊరు..."

ఏజెంటు చటుక్కున ఫోను లాక్కుని కట్టేశాడు. "సిగ్నల్ పోయింది. పాపం పనిలో ఉంటారు కదా, ఎక్కువసేపు కుదరదు."

తల్లికి లేచి వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. చేతులు ఒళ్ళోనే అదిమిపెట్టుకుంది.

"ఇంకెవరూ లేరా తమ్ముడూ?"

"మా దగ్గర్నుంచి వెళ్ళిన మనవాళ్ళు ముగ్గురేనక్కా, ఒట్టు. ముగ్గురి మాటా విన్నారుగా! రేపే పాస్‌పోర్టు తెచ్చేయండి, మిగతాదంతా నేను చూసుకుంటా."

"ఇంట్లో మాట్లాడుకుని వస్తాం," అని ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

వీధిలోకి వచ్చాక నాలుగడుగులు గట్టిగానే వేసింది. ఆ తరవాత మూసి ఉన్న షట్టరుకి ఆనుకుని కూలబడిపోయింది.

"ఎవరు కన్న బిడ్డో," అంటూ ఏడ్చింది. "దాని తల్లి కూడా ఏ వీధిలోనో ఇలాగే తిరుగుతూ ఉంటుంది. పేరన్నా అడగలేకపోయానే."

చిన్నకూతురు పక్కనే చతికిలబడి తల్లి వీపు నిమిరింది. దారిన పోయేవాళ్ళు ఒకసారి చూసి తప్పుకుని వెళ్ళిపోతున్నారు. కాసేపటికి తల్లి లేచి ముఖం తుడుచుకుంది. రోడ్డుకి అవతల, మెడికల్ షాపు మేడ మీద విమానం బొమ్మతో ఇంకో బోర్డు కనిపిస్తోంది. అటు నడిచింది.

"నాకసలు పాస్‌పోర్టే లేదని ఎవడో ఒకడు పసిగడతాడమ్మా," అంది చిన్నకూతురు వెనకే నడుస్తూ. "ఇంకా ఎన్ని ఆఫీసులు తిరుగుదాం?"

"మీ అక్క గొంతు వినపడేదాకా."