ఎండు కొమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను 'సగం' అనేవారు. సోమవారం నుంచి గురువారం దాకా ఉద్యోగి, శుక్రవారం విద్యార్థిని. పూర్తిగా ఏదీ కాదని మేనేజరే ఆ పేరు పెట్టాడు. అతను పెట్టిన పేర్లలో నలుగురిలో పిలవదగ్గది అదొక్కటే.

కంపెనీల కంప్యూటర్ లెక్కలు తవ్వి, ఎలా బాగుపడాలో వాళ్లకే చెప్పే సంస్థ అది. పని నేర్పుతూనే కాలేజీలో డిగ్రీ చదివిస్తామని సగాన్ని చేర్చుకున్నారు. అందులో ఒక మెలిక ఉంది. చదువు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టావు. చూస్కో, రెంటికీ చెడ్డ రేవడివి అవుతావే," అనేది అక్క, పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చుంటూ.

"పడవ ఒకటే అక్కా. చిల్లులు రెండు," అనేది సగం, నిలబడే టిఫిన్ మింగుతూ.

శుక్రవారం క్లాసులో అందరూ ఆమెలాంటివాళ్లే. నాలుగు రోజులు తలా ఒక ఆఫీసులో గొడ్డుచాకిరీ చేసి, ఐదో రోజు వచ్చి బల్లల మీద వాలేవాళ్లు. మెలకువగా ఉండేది లెక్చరరు ఒక్కరే. ఆయన కూడా కుర్చీ దిగేవారు కాదు.

స్టాటిస్టిక్స్ పేపరు సగానికి ఇప్పటికే ఒకసారి పోయింది. మళ్లీ పోతే ఇంటిదారే. కూర్చుని చదువుకోవడానికి ఒక్క వారం సెలవు దొరికితే చాలు. ధైర్యం కూడగట్టుకుని మేనేజరు దగ్గరకు వెళ్లింది.

"నువ్వు ఉన్నదే సగం. అందులోంచి సెలవు తీస్తే ఇంకేం మిగుల్తావు?" అన్నాడతను. తర్వాత మనసు కరిగినట్టు మొహం పెట్టాడు. "సరే, నెమలి ప్రాజెక్టు తీసుకో. చెట్టు బతకాలంటే ఎండు కొమ్మ కొట్టేయాలి. అదెక్కడుందో చూపించు. వారం కాదు, పది రోజులు పో."

నెమలి అంటే క్లయింటుకు పెట్టిన మారుపేరు. అసలు పేరు చిన్నవాళ్లకు చెప్పరు. వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని పెద్దల నమ్మకం. మేనేజరు పేర్లన్నీ చెరిపేసి, ఒకటో శాఖ, రెండో శాఖ అని అంకెలు వేసి ఇచ్చాడు. సభ్యులు డబ్బు కట్టిన లెక్కలు, గేటు దగ్గర కార్డు గీకిన లెక్కలు, కరెంటు లెక్కలు, అంతే.

సగం కాసేపట్లోనే క్లయింటు ఎవరో పట్టేసింది. అందరూ డబ్బు ముందే కట్టేస్తున్నారు. మొదట్లో ఎగబడి వస్తున్నారు. నెల తిరిగేసరికి పలచబడుతున్నారు. ఇంకేముంది, జిమ్ములు.

పక్క సీటాయన చెవిలో వేస్తే ఆయనా తలూపాడు. "మా బావమరిదీ అంతే. ఏడాదికి కట్టాడు. ఫొటో దిగి వచ్చేశాడు."

ఆ శుక్రవారం సగం క్లాసు ఎగ్గొట్టి మరీ లెక్కల ముందు కూర్చుంది. పై శుక్రవారం కూడా అంతే. చదువు నిలబెట్టుకోవాలంటే ముందు చదువు మానక తప్పలేదు.

పద్నాలుగో శాఖ దగ్గర దొరికింది ఎండు కొమ్మ. సభ్యులు వారానికోసారి తప్ప మొహం చూపించరు. అంతకన్నా చిత్రం కరెంటు లెక్కల్లో ఉంది. అక్కడి గదుల్లో ఎవరైనా కదిలితే లైట్లు వెలుగుతాయి, కదలిక లేకపోతే ఆరిపోతాయి. పద్నాలుగో శాఖలో జనం లోపల ఉండగానే గంటలకు గంటలు లైట్లు ఆరిపోయి ఉన్నాయి.

సగానికి నవ్వాగలేదు. జిమ్ముకు వెళ్లి చీకట్లో కదలకుండా కూర్చునే మహానుభావుల గురించి వినడం అదే మొదలు. రిపోర్టు మర్యాదగానే రాద్దామనుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. 'ఈ శాఖ సభ్యులకు కావలసింది సౌకర్యాలు కాదు, పరుపులు. మూసేస్తే ఎవరింట్లో వాళ్లు హాయిగా పడుకుంటారు' అని రాసి పారేసింది.

మేనేజరు అది చదివి కుర్చీలోంచి లేచాడు. భోజనానికి తప్ప అతను దేనికీ లేవగా ఎవరూ చూడలేదు.

"పరుపుల మాట ఉంచు. అక్కడి పెద్దాయనకు ఇలాంటివంటే ఇష్టం," అన్నాడు.

మంగళవారం కబురొచ్చింది. క్లయింటు ఒప్పుకున్నాడు. వచ్చే నెల నుంచి పద్నాలుగో శాఖ ఉండదు. పరుపుల దగ్గర మీటింగు మొత్తం పగలబడి నవ్విందట. పాపం, ఆ నిద్రమొహాలు ఎక్కడికి పోతాయో అని సగానికి ఒక్క క్షణం జాలేసింది. అంతలో పది రోజుల సెలవు గుర్తొచ్చి జాలి ఎటో పోయింది.

"రేపు సంతకాలకు నువ్వూ రా. ఆ మాట రాసిందెవరో వాళ్లు చూడాలంటున్నారు. రేపైనా నిండుగా కనిపించు," అన్నాడు మేనేజరు.

అక్క తన పాత కోటు కుట్లు విప్పి, చెల్లెలి కొలతకు కుట్టి తొడిగింది. "పోన్లే, పడవ మునగలేదు," అంది, పళ్ల మధ్య గుండుసూదులు పట్టుకునే. అలా అన్నా ఆమె సంతోషం దాగలేదు.

బుధవారం కారు కదలగానే సగం వెనక సీట్లో స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిచింది. రెండో పేజీకల్లా నిద్ర ముంచుకొచ్చింది. చాలా రోజుల తర్వాత ఏ దిగులూ లేని నిద్ర.

"దిగు, క్లయింటు గేటు వచ్చేసింది," అని మేనేజరు తట్టి లేపాడు. ఆమె కళ్లు నులుముకుంటూ అద్దం దించింది.

వాచ్‌మన్ లోపలికి తొంగి చూసి, "ఏం పాపా, రెండు శుక్రవారాలు క్లాసు ఎగ్గొట్టి, ఇవాళ బుధవారం కోటేసుకుని వచ్చావేంటి?" అన్నాడు.