అమ్మ కోసిన తాడు

పడవ దిగి ఇల్లు చేరామో లేదో, అమ్మ నా బిడ్డ నడుముకు తాడు కట్టి, రెండో కొస ద్వారబంధానికి ముడేసింది.

"అదేమన్నా దూడా అమ్మా?"

"నిన్నూ ఈ తాడుతోనే కట్టానే. దీవిలో పిల్లలందరికీ ఇంతేగా, సముద్రం అందకుండా కొలిచి కడతాం."

బిడ్డను అమ్మ దగ్గర వదిలి పనిలో చేరాలని వచ్చాను. ఆ మాట ఇంకా చెప్పలేదు.

చిన్నప్పుడు ఈ తాడుతోనే బావి దాకా తిరిగేదాన్ని. ఆ బావి ఇప్పుడు సముద్రంలో ఉంది. నా బిడ్డ మెట్టు దగ్గరే ఆగిపోయి ఏడుపందుకుంది.

"తాడు ఇంత పొట్టిదైందేమిటమ్మా?"

"నువ్వు బిడ్డతో వస్తావని, నీళ్లు ముందుకొచ్చినప్పుడల్లా కాస్త కోసి ఉంచాను."

అమ్మ ముడి సవరించింది.

"ఈ పిల్లను మళ్లీ తీసుకురాకే. ఇంకోసారి కోస్తే కట్టడానికి మిగలదు."