వెనక చెక్క

“ఇది కాదన్నా. రేకు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుండాది,” అన్నాడు గాబ్రియేలు, గిటారు తీగ మీంచి ఇనుప ముక్క ఎత్తేస్తూ.

ఏసేపు నిట్టూర్చాడు. పొద్దున్నుంచి ఇది మూడో పెట్టె. మామిడి చెక్క నచ్చలేదు, తుమ్మ చెక్క నచ్చలేదు, ఇప్పుడు వేప కూడా పోయింది. ముప్పై ఏళ్లుగా కర్నూలులో వడ్రంగం చేస్తున్నాడు. బీరువాలు, చర్చి బెంచీలు, శవపెట్టెలు లెక్కలేనన్ని చేశాడు గానీ, పాటకు పెట్టె చేయమన్నవాడు ఇతనొక్కడే.

గాబ్రియేలు డోన్ స్టేషన్లో కరెంటు పని చేస్తాడు. యుద్ధం ముగిసి తెల్ల సోల్జర్లు ఇళ్లకు పోతున్నప్పుడు మద్రాసులో ఒకడి దగ్గర ఈ ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనుప ముక్క జార్చుతూ వాయించాలి. దానితోపాటు బ్యాటరీతో నడిచే యాంప్లిఫయరు, రెండు విడి స్పీకర్లు వచ్చాయి. ఒకటి చిన్న గిన్నె మూతంత, ఇంకొకటి అన్నం పళ్లెమంత. పెట్టెలో బిగిస్తే తప్ప అవి సరిగ్గా పలకవు.

రేపు ఆదివారం చర్చిలో అతని భార్య కృపమణి జ్ఞాపకార్థ కూడిక. ఆ గిటారు పక్కన నిలబడి పాడిన మనిషి రెండు నెలల కిందట కలరాతో పోయింది. డ్యూటీలో ఉన్న గాబ్రియేలు కబురందుకుని వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. కలరా శవాన్ని ఎవరుంచుతారు? ఏసేపు పెట్టె చేయడం, మేకులు కొట్టడం, నలుగురూ ముక్కులకు గుడ్డ కట్టుకుని మోసుకుపోవడం, అంతా ఒక్క పూటలో అయిపోయింది.

“పెద్ద స్పీకరు పెడదామన్నా. వెనక చెక్క కూడా మూసెయ్యి,” అన్నాడు గాబ్రియేలు.

“మూస్తే గాలి యాడికి పోతాదప్పా? గొంతు పూడిపోదా?”

“పూడిపోదు. వెనక తెరిచిపెడితే సద్దు రెండు పక్కలా చెదిరిపోతాండాది. మూస్తే లోపలే తిరిగి తిరిగి బరువుగా బయటికొస్తాది. కృపమణి గొంతు అట్లే గదా ఉండేది.”

ఎండ మిటమిటలాడుతోంది. గాబ్రియేలు కళ్లు కొట్టమంతా వెతికి, మూలన గోడకు ఆనించిన టేకు చెక్కల మీద ఆగాయి.

“ఆ టేకు శానా బాగుండాది. దాంతో చెయ్యి.”

“అది వద్దు.”

“ఎందుకు?”

“మీ ఆమె పెట్టెకు కోసిన దాంట్లో మిగిలిందప్పా అది. శవపెట్టెలో మిగిలింది బతికినోళ్ల సామానుకు వాడం. పొయ్యిలో పెట్టేస్తాం.”

“మరి పెట్టలేదే?”

నిజానికి ఏసేపు ఆ మూలకు పోవడమే మానేశాడు. అంతెందుకు, ఆ రోజు నుంచి శవపెట్టెలు చేయడమే మానేసి, వచ్చినవాళ్లను ఇంకో వడ్రంగి ఓబన్న దగ్గరికి పొమ్మంటున్నాడు. చెయ్యి వణుకుతోంది, వయసైపోయింది అని చెప్పుకుంటున్నాడు. యాభైకే ముసలోడివైపోయావా అని భార్య జీవమ్మ దెప్పడం మానలేదు.

“అదే కావాలన్నా,” అన్నాడు గాబ్రియేలు. “ఆమె పెట్టెకు తోబుట్టువు ఈ చెక్క. రేపు నా పాట ఆమెకు వినపడాల. ఇంకేం అడగను.”

అలా అడిగితే కాదనడం ఎవరి తరం? ఏసేపు ఆ చెక్కలు దింపాడు. కోశాడు, చిత్రిక పట్టాడు. పెద్ద స్పీకరు ముందు పలకకు బిగించాడు. వెనక చెక్కకు ఒక్కొక్కటిగా స్క్రూలు తిప్పాడు.

“మేకులు కొట్టవా? బిరీన అయిపోతాది గదా?”

“ఇవైతే విప్పుకోవచ్చు,” అన్నాడు ఏసేపు, తల ఎత్తకుండానే.

గాబ్రియేలు మెల్లగా అడిగాడు. “ఆమె ముఖం ఆఖర్న చూసింది నువ్వే గదన్నా. ఎట్లుండె?”

“నిద్రపోతాన్నట్టే ఉండె.”

“బాధ పడలేదు గదా?”

“లేదప్పా లేదు.”

గాబ్రియేలు ముఖం తేటపడింది. రెండు నెలలుగా ఆ ఒక్క మాట కోసం కనపడినవాళ్లందరినీ అడుగుతున్నాడు, పాపం.

పెట్టెను కడప బండ మీద పెట్టి వైర్లు కలిపాడు. ఇనుప ముక్క తీగ మీద జారింది. ఈసారి కీచు లేదు, రాళ్ల మోత లేదు. నిండుగా, కింద నుంచి, మనిషి ఛాతీలోంచి వచ్చినట్టు పలికింది. బండ మీది రంపపు పొట్టు సన్నగా అదిరింది.

“ఇదే! ఇదే ఆమె గొంతు!” గాబ్రియేలు కళ్లలో నీళ్లు. తీగ మీద ఇంకా కిందికి, ఇంకా కిందికి దిగాడు.

టక్.

గాబ్రియేలు చెవి రిక్కించాడు. పెట్టెలోంచే. టక్, టక్. అరచేయి వేసి తీగలన్నీ ఆపేశాడు. పాట ఆగింది. ఆ తర్వాత కూడా లోపల ఇంకొకసారి, టక్.

“లోపల నుంచి తడ్తాండాది గదన్నా. విప్పు, చూద్దాం.”

స్క్రూడ్రైవరు చేతికందేంత దూరంలోనే ఉంది. ఏసేపు దాన్ని తీయలేదు. మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ వెనక చెక్కకు ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి అదిమి పట్టాడు. నుదుటి చెమట చెక్క మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

“ఏం లేదప్పా,” అన్నాడు. “కొత్త పెట్టె గదా, చెక్క సర్దుకుంటాండాది.”

ఆ రోజు మేకులు కొడుతుండగా లోపల నుంచి కృపమణి తట్టినప్పుడు కూడా, మోసేవాళ్లతో అతను ఆ మాటే అన్నాడు.