మాత గుర్తుపట్టే సైకిలు

మూడో మలుపు దగ్గరే అర్సెనియో సైకిలు దిగిపోయాడు. రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబోయి, కూర్చోలేక మళ్ళీ నిలబడ్డాడు.

వెనకాల తన పాత సైకిలు మీద వస్తున్న కూతురు నోహెమీకి గుండె గుభేలుమంది.

"నొప్పా నాన్నా? గుండెలోనా?"

"గుండె గుర్రంలా ఉంది తల్లీ. నొప్పి చెప్పుకోలేని చోట."

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఫ్లాస్కులోంచి వేడి బెల్లం పానకం పోసి, జామ మిఠాయి ముక్క చేతిలో పెట్టింది. ఆయన తాగుతున్నంతసేపూ ఆమె చూపు ఆయన పెదాల రంగు మీదే ఉంది. కిందటేడు ఆయనకు స్టెంటు వేసిన డాక్టరు, కొండ రోడ్ల మీద సైకిలు తొక్కడం కుదరదని మరీ మరీ చెప్పాడు. అర్సెనియో బుద్ధిగా తలూపాడు. మర్నాడే వెళ్ళి చక్రాలకు గాలి కొట్టించుకున్నాడు.

అలాగని ఆయనది ఉత్త మొండితనం కాదు. నోహెమీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. అద్దాలపెట్టెలో అది ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, తాత ఆసుపత్రి మెట్ల మీద మోకరిల్లి మొక్కుకున్నాడు. పాప బతికితే, మొదటి పుట్టినరోజు లోపల చికింకిరా మాత గుడికి సైకిలు తొక్కుకుంటూ వస్తానని. పాప బతికింది. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది కూడా. బోయకా కొండల్లో మొక్కు ఎగ్గొట్టినవాడు లేడు. ఎగ్గొడితే మాత ఇచ్చింది వెనక్కి తీసుకుంటుందని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తీర్చాల్సింది కూడా మొక్కినవాడే. నోహెమీకి పాప తుమ్మినా భయమే, నాన్న ఆయాసపడినా భయమే. ఈ మధ్య ఆమెకు అన్నం సయించడం లేదు.

పుట్టినరోజు ముంచుకొస్తోంది. సీటు మాత్రం కుదరడం లేదు.

మెకానిక్ కుస్తోడియో ఆ ఊరి పందెగాళ్ళందరినీ సైకిలెక్కించినవాడు. అర్సెనియోని ముడతల అట్ట మీద కూర్చోబెట్టి, పడిన గుంటల మధ్య దూరం కొలిచి, దానికి తగ్గ సీటే వేశాడు. అది పనికిరాలేదు. తోలు సీటు వేశాడు, మెత్తటిది వేశాడు, నడుమ చీలిక ఉన్నది వేశాడు. బిగించిన ప్రతిసారీ సీటు సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసేవాడు. సీటు ముక్కు వేలెడు పైకి లేచిందంటే బిషప్పుగారైనా రెండో కొండకే ఏడుస్తాడని ఆయన సిద్ధాంతం. షాపులో పెట్టిన కొత్త సీటు మీద అర్సెనియో హాయిగా కూర్చునేవాడు. మర్నాడు కొండెక్కేసరికి మళ్ళీ అదే కథ. సాయంత్రం నోహెమీ బురద తుడిచి, తెల్లారాక సైకిలు నడిపించుకుంటూ మళ్ళీ షాపుకి తెచ్చేది.

ఈసారి కుస్తోడియోకి ఒళ్ళు మండింది. మట్టం మళ్ళీ పెట్టి చూపించాడు.

"సీటులో ఏ లోపం లేదమ్మా. ఉంటే గింటే మీ నాన్న పిర్రల్లో ఉండాలి."

"పిర్రలు మార్చలేంగా కుస్తోడియోగారూ. ఇంకో సీటు చూడండి," అంది నోహెమీ.

అర్సెనియో నవ్వాడు. తనని పంపడానికి తనకంటే కూతురికే తొందర ఎక్కువని మెకానిక్‌తో గొప్పగా చెప్పుకున్నాడు. నోహెమీ తల తిప్పుకుంది.

ఆ ఆదివారం ఆఖరి సాధన. కనుమ పైదాకా ఎక్కగలిగితే మర్నాడే ప్రయాణం. సగం దూరం ఆయన సీటు మీద ఆనకుండా నిలబడే తొక్కాడు. ఆయాసం ఈలలా వినిపిస్తుంటే వెనక నోహెమీ జపమాల ప్రార్థన తప్పులు తప్పులుగా గొణుక్కుంది. ఇంతలో వడగళ్ళు మొదలయ్యాయి. అర్సెనియో ఒక్కసారి కూర్చున్నాడు, కెవ్వుమని దిగిపోయాడు. సైకిలు గడ్డిలో పడేసి, టోపీతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా వల్ల కాదు తల్లీ. మాతకి నా మీద ఏం కోపమో."

"కోపం కాదు నాన్నా. మీరు ప్రయత్నం చేశారు. చూసిందిగా ఆవిడ."

ఆయన ముక్కు చీదుకుని, ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే మెల్లగా చెప్పాడు. మొక్కినవాడు ఒళ్ళు దాచుకోకుండా ప్రయత్నించి ఓడిపోతే, అతని రక్తం పంచుకున్నవాళ్ళు తీర్చవచ్చు. మాత ఒప్పుకుంటుంది.

"నువ్వు వెళ్తావా?"

"వెళ్తాను."

"నా సైకిలు మీదే వెళ్ళు. మొక్కింది దాని మీద వస్తాననే. ఆవిడ దాన్నే గుర్తుపడుతుంది."

మర్నాడు మంచు విడవకముందే నోహెమీ బయలుదేరింది. గుమ్మంలో పాపని ఉన్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని అర్సెనియో నిలబడ్డాడు. కూతురి నుదుటి మీద శిలువ గుర్తు వేసి దీవించాడు. ఆయన ముఖంలో సిగ్గు ఇంకా పోలేదు.

"సీటుతో జాగ్రత్త తల్లీ. అది రాక్షసి," అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది, పాప బుగ్గ ముద్దు పెట్టుకుంది. వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ వెళ్ళింది.

ఊరు దాటాక ఆగి, ఇన్నాళ్ళూ తాను రోజూ పైకెత్తి, షాపుకి తెచ్చేముందు దించుతూ వచ్చిన సీటు ముక్కును ఆఖరిసారి కిందికి దించింది.