పక్క సీటు

"వచ్చే వారం నుంచి టెస్టు ఫీజు రెట్టింపు మాస్టారూ" అంది లైసెన్సుల కౌంటరులో అమ్మాయి. "అయినా మీరిప్పటిదాకా కట్టిన ఫీజులతో పాత కారొకటి వచ్చేసేది. ఈసారైనా పాసై మమ్మల్ని ఒడ్డున పడేయండి."

రిటైరైన టైలరు నవ్వాననిపించాడు గానీ, రెట్టింపంటే తన వల్ల కాదు. అంటే టెస్టుకి రావడం ఇదే ఆఖరు.

నిజానికి డ్రైవింగు ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పాత లైసెన్సు గడువు దాటిపోతే మళ్లీ టెస్టు పెట్టారు, అంతే. మొదటిసారి నిజంగానే తడబడి ఫెయిలయ్యాడు. ఆ తర్వాత ప్రతి వారం కావాలనే ఫెయిలవుతున్నాడు. భార్య పోయాక "బెల్టు పెట్టుకున్నారా?" అని అడిగిన మనిషి ఈ టెస్టు ఆఫీసరొక్కడే మరి. ఆఫీసు కారులో పక్క సీటులో కూర్చుని, పెళ్లికొడుకులకి బిగుతైపోయిన కోట్ల గురించి తను చెప్పే కబుర్లన్నీ ఊఁ కొడుతూ వింటాడు. ఇంటికెళ్తే ఊఁ కొట్టడానికి ఎవరున్నారు?

ఆఖరుసారేగా, పరువుగా పాసైపోదాం అనుకున్నాడు టైలరు. ఎప్పటిలాగే ఆయన్ని అందరి తర్వాత, భోజనాల వేళకి పిలిచారు. కారు వెనక సీటులో ఆఫీసరు టిఫిన్ డబ్బా ఎప్పటిలాగే ఒంటరిగా కూర్చునుంది.

దారిలో టైలరు పెదవి విప్పలేదు. విప్పితే ఏడుపొస్తుందని భయం. మలుపు మలుపుకీ సిగ్నలు వేశాడు. ఎత్తు మీద బండి వెనక్కి జారనివ్వలేదు. చివర్లో రెండు కార్ల మధ్య, సూదిలో దారం ఎక్కించినట్టు, రివర్సులో తెచ్చి పెట్టాడు.

ఇంజను ఆపి చూస్తే, ఆఫీసరు కాగితం మీద పెద్దక్షరాలతో 'ఫెయిల్' అని రాస్తున్నాడు.

"అదేంటి సార్? ఏం తప్పు చేశాను?" అన్నాడు టైలరు.

ఆఫీసరు కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

"దారంతా ఒక్క మాటైనా మాట్లాడలేదు మీరు" అన్నాడు. "వారమంతటికీ నాతో కబుర్లు చెప్పేది మీరొక్కరే మాస్టారూ."

జేబులోంచి మడత పెట్టిన రసీదు తీసి టైలరు చేతిలో పెట్టాడు.

"రెట్టింపవుతోందని మానేస్తారేమోనని, వచ్చే వారం ఫీజు పొద్దున్నే నేను కట్టేశాను."