ఎదురు చెప్పని పాత్ర

"ఆపండి, ఆపండి!" రిహార్సలు చేయిస్తున్న హెబ్రోను చేతులు ఊపాడు. "కెజియా అక్కా, మళ్ళీ తిట్టినావు."

కెజియమ్మ చేతిలోని గరిటె ఇంకా బెన్హర్ ముక్కుకు బెత్తెడు దూరంలోనే ఉంది. బెన్హర్‌ది మునిసిపల్ ఆఫీసరు వేషం.

"బండి తీసెయ్యమంటే తిట్టకుండా ఎట్టుంటా తమ్ముడూ?"

"అదే వద్దంటున్నా. అరుపులు పాత పద్ధతి. నువ్వు ఒక్క మాట అనగూడదు, తల ఎత్తగూడదు. నీ పెనం నువ్వే తీసి ట్రాక్టర్లో పెట్టాల. చూసేవాళ్ళు ఏడవాల."

"నా బండి పోతే వాళ్ళెందుకు ఏడుస్తారు?"

"అదే కళక్కా."

ఆ వీధిలో కళ అన్న మాటకు ఎదురు లేదు. సముద్రం వైపు పోయే దారిలో పాడుబడిన ఉప్పు గోదాములను హెబ్రోను బృందం అద్దెకు తీసుకుని, ‘ఉప్పువాడ కళాకేంద్రం’ అని బోర్డు పెట్టింది. ఉప్పు గాలికి పెచ్చులూడిన గోడలకు సున్నం వేయలేదు, దీపాలు పెట్టారు. ఆ పెచ్చులు చూడటానికి నెల్లూరు నుంచి జనం కార్లలో వచ్చారు. కెజియమ్మ ఇంటి గోడలూ అలాగే ఉన్నాయి. వాటిని చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు.

గోదాము గేటు పక్కన ఆమె చేపల వేపుడు బండి హమాలీల కాలం నుంచీ ఉంది. అప్పుడు దాన్ని బండి అనేవారు, వచ్చి తినేవారు. ఇప్పుడు వీధి సంస్కృతి అంటున్నారు. ఫోటో తీసుకుని, లోపల ఏసీ హోటల్లో తింటున్నారు.

నాటకం కథ కూడా బండ్లదే. ఊరిని అందంగా చేస్తామంటూ రోడ్డు పక్క బతికేవాళ్ళను ఎలా తరిమేస్తారో చూపించాలని హెబ్రోను పట్టుదల. ఎవరి పాత్ర వాళ్ళే వేస్తేనే సహజంగా ఉంటుందట.

"నాటకం పండిందంటే లోపల చివరి గది నీకే అక్కా. కమిటీతో మాట్లాడినా."

ఆ గది కోసమే కెజియమ్మ గరిటె దించింది. గది ఉంటే వానకు పట్టా కప్పే పని లేదు. ఎవరో వచ్చి తీసెయ్యమంటారన్న దిగులు లేదు. అందుకోసం ఎన్ని తిట్లయినా మింగవచ్చు.

పక్కనే టీ బంకు హజరత్తయ్యకు ఇదంతా కడుపుమంట.

"నాకు గూడా ఒక పాత్ర ఇయ్యరాదా? నాదీ బంకే గదా. నన్ను గూడా తరమొచ్చు గదా!"

హెబ్రోను ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. "అన్నా, నీ మొహంలో బాధ లేదు."

ఆ రోజు నుంచి హజరత్తయ్య టీ కాస్తూ మొహంలో బాధ తెచ్చుకోవడానికి చాలా కష్టపడ్డాడు. పాలు పొంగిపోయాయే కానీ బాధ రాలేదు.

"శనివారం సాయంత్రం, చీఫ్ గెస్టు ముందర వేస్తాం," అన్నాడు హెబ్రోను. "ఆయన ఎప్పుడొస్తే అప్పుడే మొదలు. బెన్హర్‌కి ఇంటర్వ్యూ ఉండొచ్చు. అతను రాకపోతే నాయుడుపేట నుంచి ఇంకొకాయన్ని పిలిపిస్తా. ఎవరొచ్చినా నువ్వు మాత్రం నోరు తెరవొద్దు. ఏమన్నా మార్పులుంటే గ్రూపులో పెడతా."

ఆ గ్రూపులో కళాకారులున్నారు, కళాభిమానులున్నారు. గ్రూపు బొమ్మగా కెజియమ్మ బండి ఫోటో ఉంది. కెజియమ్మ లేదు.

శనివారం సాయంత్రం ఆమె హెబ్రోను ఏరిన చిరుగుల చీరే కట్టుకుంది. కళాకేంద్రంలో బొమ్మల ప్రదర్శన చూడవచ్చిన జనంతో వీధి నిండిపోయింది. ఇంతలో ట్రాక్టరు వచ్చి ఆగింది. దిగింది బెన్హర్ కాదు. బొజ్జ, నల్లద్దాలు, చంకలో ఫైలు. చీఫ్ గెస్టు వచ్చేసినట్టున్నాడు, నాయుడుపేట ఆయన వేషం బాగా కుదిరిందనుకుంది కెజియమ్మ.

"ఏమ్మా, బండి తియ్యాల. పైనుంచి ఆర్డరు."

బెన్హర్ చెప్పే మాటే. కానీ ఈయన గొంతులో జీవం ఉంది.

కెజియమ్మ తల దించుకుంది. స్టవ్ ఆర్పింది. నూనె డబ్బాలో వంచుకుంది. పెనం తీసుకుపోయి ట్రాక్టర్లో పెట్టింది. జనం చుట్టూ మూగారు, ఫోన్లు పైకి లేచాయి.

"ఏమ్మా, ఏమీ అనవా?" ఆఫీసరు తికమకపడ్డాడు.

ఈ మాట రిహార్సల్లో లేదు. నోరు తెరిపించడానికి నటుడు వేసిన ఎత్తు అనుకుని ఆమె పెదవి బిగించింది. తనే వంగి చక్రానికున్న గొలుసు విప్పి, తాళంచెవి కూడా చేతికిచ్చింది.

"నా సర్వీసులో ఇంత మర్యాదగా ఎవురూ ఇయ్యలేదమ్మా," అన్నాడాయన, నిజంగానే కదిలిపోయి.

తర్వాత వాళ్ళు టీ బంకు వైపు నడిచారు. హజరత్తయ్య గుంజను కావలించుకున్నాడు. ఆఫీసరుగారి తాతముత్తాతలను పేరుపేరునా తలుచుకున్నాడు. టీ గిన్నె రోడ్డు మీద బోర్లించి, ట్రాక్టరు ముందు అడ్డంగా పడుకున్నాడు.

కెజియమ్మకు తల కొట్టేసినట్టయింది. "నీకు పాత్రే లేదు గదన్నా, ఊరుకో," అని పళ్ళ సందున అన్నది. ఆయన కేకల్లో అది ఎవరికీ వినపడలేదు.

ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. "సరేలేవయ్యా, నీ సంగతి తర్వాత చూస్తాం," అని బండి ఒక్కటే ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

జనం కెజియమ్మకు చప్పట్లు కొట్టారు. ఒక నెల్లూరు అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత సహజంగా చేసిందో!" అన్నది.

జనం పలచబడ్డాక కెజియమ్మ బండి ఉన్న చోట, నూనె మరక పక్కన కూర్చుంది. గుండె బరువుగా ఉంది. కళ అంటే ఇదే కాబోలు అనుకుంది.

హెబ్రోను మెడలో మైకు వైరుతో గోదాములోంచి వచ్చాడు. "ఏందక్కా, ఇక్కడ కూర్చున్నావు? బండేది?"

కెజియమ్మ లేచింది. అప్పటిదాకా దించిన తల అప్పుడు ఎత్తింది.

"ఒక్క మాట అనలా తమ్ముడూ. తాళం గూడా నేనే ఇచ్చినా. జనం ఏడ్చినారు, కావాలంటే అడుగు. ఇంక నా గది చూపించు."

హెబ్రోను నూనె మరక వంక చూశాడు. ట్రాక్టరు పోయిన దారి వంక చూశాడు.

"గ్రూపులో పెట్టినా గదా, నాటకం రేపక్కా."