ఎడమచుట్టు నత్త

“నా పేరేది సార్?”

ఆమె కాగితాలను డైరెక్టర్ బల్ల మీద విసిరినంత పని చేసింది. మ్యూజియంలో శిలాజాలను గుర్తించే ఉద్యోగం ఆమెది. మూడు నెలలు క్వారీ ఎండలో మాడి, సుత్తితో కొట్టి కొట్టి, కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు నత్తను బయటికి తీసింది. రాయి సరిగ్గా రెండు చెక్కలైతే చెక్కకొక ఫొటో తీసి, నంబర్లు వేసి ఆయన ముందు పెట్టింది. ఏసీ గదిలోంచి కాలు బయట పెట్టని ఆ పెద్దమనిషి, పత్రికకు పంపే వ్యాసం మీద తన ఒక్క పేరే వేసుకున్నాడు. పైగా నత్తకూ తన పేరే పెట్టుకున్నాడు, సిగ్గు లేకుండా!

“రాళ్లు కొట్టినవాళ్ల పేర్లన్నీ వేస్తామా అమ్మా? చివర్లో కృతజ్ఞతలు చెప్పాంగా.”

“కొట్టింది నేను, కడిగింది నేను, ఫొటోలు తీసింది నేను!”

“ఫొటో చూసి కొత్త జాతని కనిపెట్టింది నేను. అసలు చదివావా? ఆ క్వారీలో నత్తలన్నిటికీ చుట్లు కుడివైపే. దీనికొక్కదానికే ఎడమవైపు!”

ఆమె వ్యాసంలోని ఫొటో కేసి వంగి చూసింది. మూలన తన చేతిరాతతోనే రెండు అంకె ఉంది.

“సార్, ఒక్కసారి ఆ రాళ్లు తెప్పించుకుని చూడండి.”

“ముప్పై ఏళ్ల అనుభవం నాది. నువ్వా నాకు చెప్పేది? నోర్మూసుకుని వెళ్లు!”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అయితే ఆ కృతజ్ఞతలు కూడా వద్దు. నా పేరు ఎక్కడా ఉండకూడదు. కొట్టేయండి.”

“హమ్మయ్య, ఇప్పటికి దారికొచ్చావు.”

ఆయన ఆమె పేరు కొట్టేసి, సంతకం పెట్టి, పక్కన తన రబ్బరు ముద్ర ఠపీమని కొట్టాడు. ముద్ర బల్ల మీద వెల్లకిలా పడింది. దాని మీద ఆయన పేరు అద్దంలోలా తిరగబడి ఉంది. ఆమె ఒక్క క్షణం దాన్నే చూసి బయటికి వచ్చేసింది.

కవరు పోస్టులో వేసొచ్చిన ముసలి అటెండరు ఉండబట్టలేక ఆమె గదిలోకి వచ్చాడు.

“అంత తేలిగ్గా వదిలేశావేంటమ్మా? వింటుంటే నాకే ఒళ్లు మండిపోయింది. కష్టమంతా నీది, పేరు ఆయనదా?”

“పేరు ఆయనదే ఉండనీ బాబాయ్.”

ఆమె సొరుగు లాగి రాతిచెక్కలు రెండూ తీసి, బోర్లించిన మూతలా ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఒకటో చెక్కలోని నత్త, రెండో చెక్కలోని గుంటలో చక్కగా కూర్చుంది.

“సార్ ఫొటోలో చూసింది నత్తను కాదు, నత్త ముద్రను.”